సీసా మీద నల్ల గీత

"ఆ గీత నేనే పెట్టాను. ఆదివారం పొద్దున పెట్టాను. ఇవాళ గురువారం. మందు ఎక్కడికి దిగిందో మీరే చూడండి."

చుక్కలమ్మ జలుబు మందు సీసాను భోజనాల బల్ల మీద ముందుకు జరిపింది. పగలు పిల్లను చూసుకునే మూడో అంతస్తు పిన్నిగారు దాని వంక చూడలేదు. ఇంటికి వెళ్ళబోతూ చెప్పుల్లో కాళ్ళు పెట్టిన మనిషి, అలాగే గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

"మీరు వెళ్ళే వేళకు వచ్చి అడగాలనే ఇవాళ పర్మిషన్ పెట్టి ఐదింటికే వచ్చాను."

"అంటే పొద్దున్నే అనుకున్నావన్నమాట, సాయంత్రం నన్ను నిలబెట్టాలని."

అది నిజమే. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చుక్కలమ్మది. ప్రతి అద్దానికీ సరిగ్గా మధ్య ఎక్కడో చూసి, సన్నటి నల్ల పెన్నుతో చుక్క పెట్టాకే మిషను ముట్టుకుంటుంది. అలా షాపులో పడిన 'చుక్కలమ్మ' అన్న పేరు మెల్లగా ఇంటిదాకా వచ్చేసింది. సీసా మీద గీత కూడా ఆ పెన్నుతోనే గీసింది. స్పిరిట్ పెట్టి తుడిస్తే తప్ప పోని సిరా అది.

"మూడు వారాలుగా పిల్ల రాత్రి ఒంటిగంట దాకా పడుకోవడం లేదు పిన్నిగారూ. ఆదివారం ఒక్కరోజే పడుకుంటుంది. ఆదివారాలు మీరు రారు."

"అయితే?"

"అయితే పగలు మందు పోసి పడుకోబెడుతున్నారు. పగలంతా పడుకున్న పిల్ల రాత్రి ఏం పడుకుంటుంది?"

అనేసింది. మూడు వారాలుగా నాలుక చివర ఆడుతున్న మాట బయటపడేసరికి ఆమెకే కాస్త భయం వేసింది. గోడవార కుర్చీలో కూర్చున్న అత్తగారు ఒళ్ళోని మనవరాలి గౌను మడత సవరించడం మొదలుపెట్టింది. గౌనులో మడత ఏమీ లేదు. పిడుగు మాత్రం నాయనమ్మ కళ్ళద్దాల గూడు నోట్లో పెట్టుకుని హాయిగా కొరుకుతోంది. పదమూడు నెలల ఆ ఆడపిల్లకు పిడుగని పేరు పెట్టింది పిన్నిగారే.

"ఫ్రిజ్ తలుపుకు కాగితం అంటించావు. పిల్ల ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచిందీ రాయమన్నావు. రోజూ రాశాను. మధ్యాహ్నం ఒంటిగంటకు పడుకుని రెండు ముప్పావుకు లేస్తోంది. అది ఎక్కువ నిద్రా?"

"రాసేది మీరే కదా."

పిన్నిగారి ముఖంలో రంగు మారింది. ఆమె ఒక్క క్షణం అత్తగారి వైపు చూసింది. ఆ చూపు చుక్కలమ్మ కంట పడింది. పెద్దావిడ తన తరఫున ఒక మాట సాయం వేస్తుందని చూస్తోంది కాబోలు అనుకుంది. అత్తగారు తల ఎత్తలేదు. రెండుసార్లు దగ్గి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఇద్దరు పిల్లల్ని కన్నాను, తొమ్మిదిమంది పిల్లల్ని పెంచాను. ఎవరి నోట్లోనూ వాళ్ళ అమ్మ చెప్పని చుక్క పడలేదు నా చేత్తో," అంది పిన్నిగారు. గొంతు పెద్దది చేయలేదు. ఇంటి తాళం చెవి బల్ల మీద పెట్టింది. "రేపటి నుంచి రాను."

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. చుక్కలమ్మ ఊరుకోలేదు. నిద్ర లేని మనిషికి ఎక్కడ ఆగాలో తెలియదు. మెట్ల దాకా వెంటపడి వెళ్ళి, "నిజం చెప్పి వెళ్ళండి. పసిపిల్లకు మత్తుమందు పోసేవాళ్ళని ఏమనాలి?" అని గట్టిగా అడిగింది. రెండో అంతస్తులో హెడ్మాస్టరుగారి తలుపు తెరుచుకుంది. మెట్ల సందులోంచి రెండు మూడు తలలు కనిపించాయి. పిన్నిగారు వెనక్కి తిరిగి చూడకుండా పైకి వెళ్ళిపోయింది.

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు అదే కుర్చీలో ఉంది.

"అంత గట్టిగా అనాల్సింది కాదేమో," అంది.

"మీరక్కడే కూర్చుని ఒక్క మాటన్నా అన్నారా అత్తయ్యా? నాతో లేదు, ఆవిడతో లేదు."

అత్తగారు మళ్ళీ దగ్గింది. ఈమధ్య ఆవిడకు దగ్గు ఎక్కువైంది.

*

శుక్రవారం, శనివారం చుక్కలమ్మ సెలవు పెట్టింది. ఆదివారం ఎటూ సెలవే. మూడు రోజులూ పిల్ల బంగారంలా పడుకుంది. మధ్యాహ్నం గంటన్నర, రాత్రి ఎనిమిదిన్నరకు పడుకుంటే మధ్యలో ఒకసారి కటకటాల మంచంలో అటూ ఇటూ దొర్లి, మళ్ళీ తెల్లారేదాకా నిద్ర. చుక్కలమ్మకు మూడు రాత్రులు వరసగా నిద్ర దొరికింది. దాంతోపాటు తాను అన్నదే నిజమన్న ధీమా కూడా దొరికింది.

సీసాను మాత్రం పారేయలేదు. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండాలని వంటింటి అలమరలోనే ఉంచింది. అలవాటు కొద్దీ, మందు ఇప్పుడున్న చోట ఇంకో గీత కూడా గీసింది.

శనివారం రాత్రి భర్త పదిన్నరకు వచ్చాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. తోటి డ్రైవరు కాలు విరిగి మంచాన పడ్డప్పటి నుంచి, రెండు నెలలుగా జోడు డ్యూటీ. తెల్లవారుజామున ఐదింటికి పోయిన మనిషి ఈ వేళకు తిరిగొస్తాడు. సెలవు రోజన్నది లేదు. చొక్కా కూడా విప్పకుండా పిల్ల మంచం దగ్గరికి వెళ్ళాడు.

"పడుకుందా?"

"ఎనిమిదిన్నరకే."

"లేవదా ఇక?"

"లేవాలని ఉందా మీకు?"

"అబ్బే, అదేం లేదు," అన్నాడు. కానీ ముఖం వాడిపోయింది. కటకటాల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. "పిన్నిగారిని పంపించేయడం అవసరమా? మంచావిడ."

"మందు పోసిందండీ."

"నువ్వు చూశావా?"

"మీరు చూశారా, పోయలేదని?"

 చేతులు కడుక్కోవడానికి వెళ్ళినవాడు చాలాసేపటిదాకా రాలేదు. పంపు కట్టేసిన చప్పుడు ఎప్పుడో వినిపించింది. ఈయన ఆవిడని ఎందుకు వెనకేసుకొస్తున్నాడు అన్న అనుమానం చుక్కలమ్మ మనసులో ఒక మూల చేరి కూర్చుంది.

సోమవారం ఆమె పనిలోకి వెళ్ళక తప్పలేదు. "నేను చూసుకుంటాలే. నాలుగు రోజులు ఎలాగో నెట్టుకొస్తాను, ఈలోగా ఇంకెవరినైనా వెతుకు," అంది అత్తగారు. మోకాళ్ళు అరిగి రెండేళ్ళుగా మెట్లు దిగని మనిషి. పిల్లను ఎత్తుకుని తిరగలేదు. గదిలో నేల మీద దుప్పటి పరిచి, తలుపు గడియ పెట్టుకుని, పిల్లతోపాటు తానూ కూర్చుంటానంది.

సోమవారం రాత్రి పిడుగు ఒంటిగంట దాటేదాకా మేలుకుంది.

*

మంగళవారం పదకొండు గంటలకు పిల్లల డాక్టరమ్మ షాపులోకి వచ్చింది. రోగిగా రాలేదు, రోగిని తీసుకునీ రాలేదు. పోయిన వారం చేయించుకున్న కళ్ళజోడు చేతిలో పట్టుకుని వచ్చింది.

"మెట్లు దిగుతుంటే నేల పైకి లేస్తోందమ్మా. ఆసుపత్రిలో ఇందాక పడబోయాను."

చుక్కలమ్మ కళ్ళజోడు తీసుకుని మిషను కింద పెట్టి చూసింది.  ముక్కు మధ్య నుంచి కుడి కంటిపాపకు ముప్పై రెండు మిల్లీమీటర్లు, ఎడమ కంటిపాపకు ఇరవై తొమ్మిది అని చీటీలో స్పష్టంగా ఉంది. ఆమె కుడిదాని కొలత ఎడమకు, ఎడమదాని కొలత కుడికి పెట్టి అరగదీసింది. పదేళ్ళ సర్వీసులో ఇలాంటి తప్పు చేయలేదు. ఈ నెలలో ఇది రెండోది.

పెద్దాయన, అంటే షాపు యజమాని, డాక్టరమ్మ ముందు ఒక్క మాటా అనలేదు. ఆవిడకు కుర్చీ వేయించి, చుక్కలమ్మను మిషను గదిలోకి పిలిచాడు.

"శనివారం దాకా చూస్తానమ్మా. ఇంకో జత వెనక్కి వస్తే మిషను మీద వేరేవాళ్ళని కూర్చోబెడతాను. నువ్వు కౌంటర్లో ఫ్రేములు తుడుచుకుంటూ ఉండు. మెట్ల మీద పడి ఎవరైనా తల పగలగొట్టుకుంటే ఆ పాపం నేను మోయలేను."

ఫ్రేములు తుడిచే పని ఎవరైనా చేస్తారు. మిషను మీద పని ఆమె పదేళ్ళు కష్టపడి నేర్చుకున్న విద్య. ఇప్పుడు అది చేజారిపోయేలా ఉంది. కొత్త అద్దానికి చుక్క పెట్టి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ పెట్టింది.

డాక్టరమ్మ అద్దాల తలుపులోంచి చూస్తూనే ఉంది. కాసేపాగి లేచి వచ్చింది.

"ఎన్ని రోజులైంది నిద్రపోయి?"

"మూడు వారాలండీ. మా పాప. పదమూడు నెలలు."

"నడుస్తోందా?"

"రెండడుగులు వేసి కూలబడుతుంది."

"రాత్రి మేలుకుని ఏం చేస్తుంది? ఏడుస్తుందా, ఆడుతుందా?"

చుక్కలమ్మ ఆలోచించింది. ఇది ఇంతవరకూ ఎవరూ అడగలేదు, తనను తానూ అడగలేదు. "ఆడుతుందండీ. కటకటాలు పట్టుకుని నిలబడి నవ్వుతుంది. పడుకోబెడితే మళ్ళీ లేస్తుంది."

"అయితే నొప్పి కాదు. ఈ వయసులో నిద్ర చెదరడానికి బోలెడు కారణాలుంటాయి. నిలబడటం కొత్తగా వచ్చిన పిల్లలు నిద్రమత్తులో కూడా లేచి నిలబడతారు. తల్లి కంటి ముందు లేకపోతే ఇక రాదేమోనని బెంగపడతారు. పళ్ళు వస్తుంటాయి. ఇవన్నీ ఉన్నా, చీకట్లో నవ్వుతూ ఆడే పిల్ల సంగతి వేరు. దానికి నిద్ర తీరిపోయిందన్నమాట. ఎక్కడో పడుకుంటోంది."

"తెలుసండీ. పగలు మందు పోసి పడుకోబెట్టారు. పిల్లను చూసే ఆవిడ. జలుబు మందు, మత్తు వచ్చేది. సీసాలో తగ్గిపోయింది."

"ఆవిడ ఇంకా వస్తోందా?"

"గురువారమే మానిపించాం."

"నిన్న రాత్రి?"

"ఒంటిగంట దాటేదాకా మేలుకుంది," అంది చుక్కలమ్మ.

"మందు తగ్గిందని సీసా చెబుతుంది. ఎవరి నోట్లోకి పోయిందో చెప్పదు," అంది డాక్టరమ్మ. బల్ల మీదున్న ఆర్డరు చీటీ తిరగేసి, దాని వెనక ఇరవై నాలుగు గళ్ళు గీసింది. "గడికి ఒక గంట. పిల్ల నిద్రపోయే గంటలు నల్లగా నింపు. పనిరోజుది."

చుక్కలమ్మ తన పెన్నుతోనే నింపింది. రాత్రి ఒంటిగంట నుంచి ఏడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు. మిగతావి తెల్లగా ఉన్నాయి.

"ఎనిమిది గంటలే వచ్చింది. ఈ వయసు పిల్లలు పగలూ రాత్రీ కలిపి పది పదకొండు గంటలకు తక్కువ పడుకోరు. పైగా హుషారుగా ఉందంటున్నావు. అంటే ఇందులో ఏదో గడి నువ్వు తెల్లగా వదిలేశావు." డాక్టరమ్మ వేలు సాయంత్రం గళ్ళ మీద ఆగింది. "ఐదు నుంచి ఏడున్నర. ఇక్కడ ఏం చేస్తుంది పిల్ల?"

"మా అత్తగారి దగ్గర ఉంటుందండీ."

"ఎవరి దగ్గర ఉంటుందని కాదు నేనడిగింది."

 ఫ్రిజ్ మీది కాగితం పిన్నిగారు వెళ్ళే ఐదింటితో ఆగిపోతుంది. ఆ తర్వాత గంటలకు గళ్ళే గీయలేదు. బయటి మనిషి గంటలు లెక్కగా రాయించింది, ఇంటి మనిషిని ఒక్క మాట అడగలేదు. అనుమానానికి కాగితం ఉన్న చోటే దారి దొరికింది. ఏడున్నరకు తాను వెళ్ళేసరికి పిల్ల కళ్ళు తేటగా, చెంప మీద దుప్పటి అచ్చుతో ఉంటుంది. ఆ అచ్చు ఎన్నిసార్లు చూసింది. చూసి, ముద్దు కూడా పెట్టుకుంది.

"సాయంత్రం నాలుగు దాటాక పడుకోనివ్వకండి. రాత్రి లేచినా వెంటనే ఎత్తుకోకుండా కాసేపు చూడండి, దానంతటది పడుకుంటుంది. ఆ మందు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, పెద్దవాళ్ళయినా సరే," అని చెప్పి డాక్టరమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకుని, షాపు మెట్లు రెండుసార్లు దిగి ఎక్కి చూసుకుని వెళ్ళింది.

*

ఆరింటికి చుక్కలమ్మ చప్పుడు కాకుండా తన తాళంతో తలుపు తీసింది.

ఇల్లు చీకటిగా ఉంది. బయట ఇంకా వెలుతురుంది, లోపల అన్ని కిటికీలకూ పరదాలు దించి ఉన్నాయి. ముందు వంటింట్లోకి వెళ్ళి అలమర తెరిచింది. సీసా అక్కడ లేదు.

అత్తగారి గది తలుపు నెట్టింది. మంచం మీద పిడుగు బోర్లా పడుకుని గాఢంగా నిద్రపోతోంది. చుట్టూ దిండ్లు అడ్డం పెట్టి ఉన్నాయి, ఒకటి కింద పడిపోయి ఉంది. పిల్ల చెయ్యి మంచం అంచు దాటి వేలాడుతోంది. పక్కనే అత్తగారు గోడవైపు తిరిగి గురక పెడుతోంది. తల దగ్గర చిన్న బల్ల మీద సీసా, చెంచా, ఫోను ఉన్నాయి. చెంచాలో గులాబీ రంగు జిగురు ఇంకా ఆరలేదు. సీసా మీద కొత్త గీతకు వేలెడు కిందికి దిగి ఉంది మందు.

చుక్కలమ్మ ముందు పిల్లను ఎత్తుకుంది.  పిల్ల ఇంకాస్త దొర్లితే ఏమయ్యేదో ఊహించడానికి ధైర్యం చాలలేదు. వంగి పిల్ల నోరు వాసన చూసింది. పాల వాసన తప్ప ఏమీ లేదు. తర్వాత అత్తగారి వైపు వంగింది. మందు వాసన గుప్పున కొట్టింది.

అప్పుడే బల్ల మీద ఫోను బుర్రుమంది. తెర మీద 'అబ్బాయి' అని ఉంది. అత్తగారు కదలలేదు. ఫోను మళ్ళీ మళ్ళీ మోగుతుంటే చుక్కలమ్మ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

ఆమె పలకకముందే అవతల గొంతు మొదలైంది. వెనకాల బస్సు ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, పడుకుందా? ఏడింటిదాకా లేపకు. నిన్న నన్ను చూసి చేతులు చాచిందే. నాన్న అనబోయింది, ఒట్టు. ఇంకో పది రోజులు ఇలాగే పట్టుకో, అలవాటైపోతుంది. దానికి మాత్రం తెలియనివ్వకు, ఇల్లు పీకి పందిరేస్తుంది."

 ఆ 'దానికి' అన్నది తననే.

"అమ్మా?"

"లేపేశాను," అంది చుక్కలమ్మ.

 అవతల కండక్టరు కాబోలు, "డ్రైవరన్నా, టైమయింది," అంటున్నాడు.

"వచ్చాక చెబుతాను," అన్నాడు ఆయన.

"మూడు వారాలుగా రోజూ రాత్రి మీ ఎదురుగానే ఉన్నాను. అప్పుడు చెప్పాల్సింది."

ఆమే ఫోను పెట్టేసింది. దీపం వేసేసరికి అత్తగారు కళ్ళు నులుముకుంటూ లేచింది. కోడలి చంకలో పిల్లను, చేతిలో ఫోనును, బల్ల మీద సీసాను వరసగా చూసింది. దాచడానికి ఏమీ మిగల్లేదని ఆవిడకు అర్థమైంది.

"మందు నేనే తాగాను. దగ్గుకి. రాత్రిళ్ళు పిల్ల ఆటకి నాకూ నిద్ర లేదు కదా. పసిపిల్లల మందే, ఏం చేస్తుందిలే అనుకున్నాను."

"పిల్లను పక్కలో పెట్టుకుని తాగారా అత్తయ్యా?"

అత్తగారు కింద పడిన దిండు తీసి మంచం మీద పెట్టింది.

"గురువారం ఆవిడ మీ వైపు చూసింది. మీకు తెలుసు. చెప్పలేదు."

"చెబుదామనే అనుకున్నాను. నేను తాగానంటే ఎప్పుడు తాగావంటావు. సాయంత్రం పిల్లతోపాటు పడుకునేటప్పుడు అనాలి. అప్పుడు సాయంత్రం నిద్ర సంగతి బయటపడుతుంది. వాడికి మాటిచ్చాను."

"ఆయన అడిగితే మాత్రం ఒప్పుకుంటారా?"

"వాడు ఏడ్చాడే." అత్తగారి గొంతు మొదటిసారి పెరిగింది. "నెల కిందట ఒక రాత్రి పిల్ల లేస్తే వాడు ఎత్తుకున్నాడు. నువ్వు స్నానాల గదిలో ఉన్నావు. దొంగ ఎత్తుకున్నట్టు కెవ్వుమని ఏడ్చి నా మీదికి దూకింది. సొంత కూతురు. అంత మగాడు నా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. నీకు రోజూ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు దొరుకుతుంది. రాత్రి పదిన్నరకు వచ్చే వాడికేం దొరుకుతుంది చెప్పు? ఆ వేళకు మేలుకుని ఉంటుందనే సాయంత్రం పడుకోబెట్టాను."

చుక్కలమ్మకు కోపం నిండా ఉంది. అయినా ఆ రాత్రి తాను స్నానాల గదిలోంచి వచ్చేసరికి భర్త వరండాలో ఒంటరిగా నిలబడి ఉండటం గుర్తొచ్చింది. ఏమిటని అడిగితే ఉక్కగా ఉందన్నాడు. ఆమె నమ్మింది. అడగాల్సిన చోట నమ్మి, నమ్మాల్సిన మనిషిని నిలబెట్టి అడిగింది.

"నాతో చెబితే నేను కాదంటానా?"

"వాడికి సిగ్గు. నాకు నువ్వంటే భయం. నువ్వు అన్నిటికీ గీతలు పెడతావు."

చుక్కలమ్మ సీసా తీసుకెళ్ళి మందంతా తొట్లో పారబోసింది. ఖాళీ సీసాతో, పిల్లతో, చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాటింది.

*

మూడో అంతస్తు తలుపు సగమే తెరుచుకుంది. పిన్నిగారు చంకలోని పిల్లను చూసి చెయ్యి చాపబోయి, ఆపుకుంది. పిడుగు మాత్రం ఆగలేదు. రెండు చేతులూ చాచి, ఒళ్ళంతా ముందుకు వేసింది.

"తప్పు చేశాను పిన్నిగారూ. మందు పిల్లకు పోయలేదు. మా అత్తగారే తాగారు. సాయంత్రం మీరు వెళ్ళాక పిల్లను పడుకోబెడుతున్నారు. మీకు తెలుసా?"

"తెలుసు. ఒకరోజు గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చినప్పుడు చూశాను. ఈ వేళప్పుడు పడుకోబెడితే రాత్రికి కష్టమండీ అన్నాను మీ అత్తగారితో. నవ్వి ఊరుకున్నారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"అత్తాకోడళ్ళ మధ్య పుల్లలు పెట్టే మనిషినని పేరు తెచ్చుకోనా? నేను నాలుగిళ్ళలో పనిచేసేదాన్ని అమ్మాయ్. ఒక ఇంటి మాట ఆ గడపలోనే వదిలేసి రావాలి. లేకపోతే నన్నెవరు రానిస్తారు?"

 "రేపటి నుంచి రండి. మీరు ఏ శిక్ష వేసినా పడతాను," అంది చుక్కలమ్మ.

"హెడ్మాస్టరుగారి మనవళ్ళిద్దర్నీ రోజూ పొద్దున బడిలో దింపేది నేనే. నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"శుక్రవారం నుంచి వద్దన్నారు. మర్యాదగానే అన్నారు. కోడలు సెలవులో ఉంది, తనే దింపుకుంటుందట. ఆ అమ్మాయికి సెలవు లేదు. పొద్దున బస్సెక్కుతుంటే రోజూ చూస్తూనే ఉన్నాను."

మెట్ల మీద తాను అడిగిన ప్రశ్న చుక్కలమ్మ చెవుల్లో మళ్ళీ మోగింది. పసిపిల్లకు మత్తుమందు పోసేవాళ్ళని ఏమనాలి.

"నేను చెబుతాను వాళ్ళతో. ఇప్పుడే చెబుతాను."

"నువ్వు చెబితే, మనిషి దొరక్క మళ్ళీ నన్ను బతిమాలుకుని వెనకేసుకొస్తున్నావనుకుంటారు. నువ్వు వచ్చి తప్పయిందన్నావు, నాకు చాలు. వాళ్ళకు చాలదు. తాగిన మనిషి చెప్పాలి. అది అయ్యాక రమ్మను, వస్తాను."

పిన్నిగారు పిల్ల వేళ్ళను ఒక్కసారి నొక్కి, తలుపు వేసుకుంది.

చుక్కలమ్మ మెట్లు దిగసాగింది. శనివారం దాకానే గడువు. అత్తగారి చేతిలో పిల్లను ఇక ఒక్క పూట కూడా వదలలేదు. పిన్నిగారు రాకపోతే పని లేదు, మిషను లేదు. అత్తగారిని మెట్లెక్కించి, ఊరందరి ముందూ నిలబెట్టే ధైర్యమూ లేదు.

రెండో అంతస్తు మలుపులో ఆగిపోయింది.

హెడ్మాస్టరుగారి తలుపు ముందు అత్తగారు నిలబడి ఉంది. ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుంది. నుదుటి మీద చెమట పట్టి, ఊపిరి ఎగపోస్తోంది. మొదటి అంతస్తు నుంచి ఇరవై మెట్లు ఎంతసేపట్లో ఎక్కిందో, ఎన్నిచోట్ల కూర్చుందో. రెండో చేతి వేలు బెల్లు మీద ఉంది. నొక్కలేదు.

నాయనమ్మను చూసి పిడుగు కేరింత కొట్టింది. ఆవిడ తల ఎత్తి పైకి చూసింది.

"వాళ్ళు ఇంట్లో లేకపోతే బాగుండునే," అంది మెల్లగా.

 చుక్కలమ్మ ఉన్న చోటే మెట్టు మీద కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

బెల్లు ఇంకా మోగనే లేదు. పిల్ల కేరింత వినిపించిందేమో, లోపలి నుంచి ఎవరో తలుపు దగ్గరికి నడిచి వస్తున్న చప్పుడైంది.